చైనా యాత్రాకథనాల్లో సాంస్కృతిక ఆఘాతం: ఒక విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సాంస్కృతిక ఆఘాతం అనే భావనను వివరించగలుగుతారు.
• చైనా గురించి వెలువడిన నాలుగు యాత్రాగ్రంథాల దృక్పథాలను పోల్చి చెప్పగలుగుతారు.
• ఒక దేశపు పరిస్థితులను ఆ దేశప్రజల స్వభావంగా చిత్రించే వాక్యాలను గుర్తించగలుగుతారు.
• పరాయి దేశంలో ఎదురయ్యే మానసిక ఇబ్బందిని తట్టుకొనే మార్గాలను ఈ గ్రంథాల ఆధారంగా సూచించగలుగుతారు.

9.1 పరిచయం

యాత్రాసాహిత్యం చదివేటప్పుడు మనం సాధారణంగా ఆ ప్రదేశం ఎలా ఉంది అన్నదే చూస్తాం. విమర్శకుడు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ ప్రదేశం చూసిన రచయితకు ఏమైంది? చూసినది నచ్చనప్పుడు, అర్థం కానప్పుడు, భయపెట్టినప్పుడు అతను ఏం రాశాడు? యాత్రాగ్రంథం విలువ చాలావరకు ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ పరిశీలనకు చైనా యాత్రాకథనాలను తీసుకోవడానికి కారణం ఉంది. చైనా మనకు పొరుగుదేశమే. అయినా మనకు దాని లిపి తెలియదు, భాష తెలియదు, భోజనం అలవాటు లేదు. వైద్యవిద్య కోసం తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి వెళ్ళిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. వ్యాపారం కోసం వెళ్ళేవారూ ఉన్నారు. మీలో కొందరు రేపు వెళ్ళవచ్చు. వెళ్ళకపోయినా, వెళ్ళివచ్చినవారి మాటలు విని ఆ దేశం గురించి ఒక అభిప్రాయం ఏర్పరచుకుంటారు. ఆ మాటలను ఎలా తూచాలో నేర్చుకోవడమే ఈ భాగం ఉద్దేశం.

9.2 సాంస్కృతిక ఆఘాతం: భావన

కల్చర్ షాక్ అని వాడుకలో ఉన్న మాటనే ఇక్కడ సాంస్కృతిక ఆఘాతం అంటున్నాం. ఈ భావనకు ప్రాచుర్యం తెచ్చినవాడు కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త. 1954లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఆయన చేసిన ప్రసంగం 1960లో వ్యాసంగా వెలువడింది. నలుగురిలో మెలగడానికి మనకు తెలియకుండానే ఆధారపడే గుర్తులు ఎన్నో ఉంటాయి. ఎప్పుడు నమస్కరించాలి, ఎవరికి చోటివ్వాలి, నవ్వుకు అర్థమేమిటి, 'వద్దు' అంటే నిజంగా వద్దనేనా అన్నవన్నీ అలాంటివే. ఇవన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయినప్పుడు కలిగే ఆందోళనే సాంస్కృతిక ఆఘాతమని ఆయన సిద్ధాంతం. ఇందులో నాలుగు దశలను ఆయన గుర్తించాడు. మొదట అంతా కొత్తగా, ముచ్చటగా ఉండే దశ. తరువాత చిరాకు, కోపం, ఇంటి బెంగ ముదిరే దశ. ఆపై క్రమంగా కోలుకొనే దశ. చివరగా సర్దుకుపోయే దశ.

ఈ వివరణలో మనకు ముఖ్యమైనది రెండో దశ. ఆ దశలో మనిషి తన ఇబ్బందికి కారణం తన తెలియనితనమని అనుకోడు. అక్కడి మనుషులే అలాంటివారని అనుకుంటాడు. 'వీళ్ళింతే' అనే మాట పుట్టేది అక్కడే. యాత్రారచయిత ఆ మాటను పుస్తకంలోకి ఎక్కించాడా, లేక దాన్ని దాటి ముందుకు వెళ్ళాడా అన్నది మనం గమనించాలి.

చైనాలో ఈ ఆఘాతానికి మరొక కోణం ఉంది. యూరప్‌కు వెళ్ళిన భారతీయ విద్యావంతుడు అక్కడి భాష రాకపోయినా రోమన్ లిపిలో ఉన్న బోర్డును కూడబలుక్కోగలడు. చైనాలో అదీ కుదరదు. రైల్వేస్టేషన్‌లో, మందుల దుకాణంలో, హోటల్లో వంటకాల జాబితా ముందు అతను నిరక్షరాస్యుడే. ఎన్ని డిగ్రీలున్నా ఎవరినో ఒకరిని ప్రాధేయపడి చదివించుకోవాలి. మన దేశంలో బస్సు బోర్డు చదవలేక పక్కవారిని అడిగే పెద్దల అనుభవం ఇదే. దీన్ని అవమానంగా తీసుకొనేవారు ఉన్నారు, పాఠంగా తీసుకొనేవారు ఉన్నారు. మనం చదవబోయే రచయితల మధ్య తేడా కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

9.3 విమర్శకు మూడు ప్రశ్నలు

చైనా యాత్రాకథనం ఏది చదివినా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: వాక్యానికి కర్త ఎవరు? 'ఈ డ్రైవరు ఇలా చేశాడు' అనడం వేరు, 'చైనీయులు ఇలా చేస్తారు' అనడం వేరు.

రెండు: రచయిత కారణం వెతికాడా? తనను ఇబ్బందిపెట్టినది సంస్కృతా, పేదరికమా, ప్రభుత్వ విధానమా అని విడదీసి చూశాడా?

మూడు: అదే కొలబద్దతో తనను, తన దేశాన్ని కొలుచుకున్నాడా?

రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూడండి. 1980లలో చైనాలో తిరిగిన విదేశీయులు విసుగుతో పదేపదే చెప్పుకున్న చైనా మాట 'మెయ్ యో'. 'లేదు' అని దాని అర్థం. గది ఉందా అంటే మెయ్ యో, టికెట్టు ఉందా అంటే మెయ్ యో. దీన్ని చైనీయుల నిర్లక్ష్య స్వభావానికి గుర్తుగా ఎందరో భావించారు. కాని ఆనాటి దుకాణాలు, హోటళ్ళు చాలావరకు ప్రభుత్వానివి. సరుకు అమ్ముడైనా కాకపోయినా ఉద్యోగి జీతం మారదు. సరుకు కూడా తరచు నిజంగానే ఉండేది కాదు. ఆర్థిక విధానం మారి ప్రైవేటు వ్యాపారం పెరిగాక ఆ మాట మునుపటిలా వినబడలేదు. ప్రజల స్వభావం పదిహేను ఇరవై ఏళ్ళలో మారిపోదు కదా! మారింది వ్యవస్థ.

క్యూల విషయమూ అలాంటిదే. ఒలింపిక్స్‌కు ముందు, 2007లో, బీజింగ్ నగరం ప్రతినెలా 11వ తేదీని క్యూ పాటించే రోజుగా ప్రకటించింది. 11 అంకె ఒకరి వెనుక ఒకరు నిలబడ్డట్టు ఉంటుందని ఆ తేదీని ఎంచుకున్నారు. తోసుకోవడాన్ని ఆ ప్రజలే సమస్యగా గుర్తించి సరిచేసుకోవాలనుకున్నారని దీనివల్ల తెలుస్తుంది. విదేశీ రచయిత 'వీళ్ళ సంస్కృతి' అని కొట్టిపారేసిన విషయం మీద ఆ దేశంలోనే చర్చ జరుగుతూ ఉండవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఓబెర్గ్ చెప్పిన నాలుగు దశలేవి? వాటిలో రెండో దశ యాత్రారచనను ఎలా ప్రభావితం చేస్తుంది?

9.4 ఒకే దారి, ఇద్దరు రచయితలు

అమెరికన్ రచయిత పాల్ థెరూ సుమారు ఏడాదిపాటు చైనా రైళ్ళలో తిరిగి రాసిన గ్రంథం 'రైడింగ్ ది ఐరన్ రూస్టర్'. ఇది 1988లో వెలువడింది. విక్రమ్ సేథ్ రాసిన 'ఫ్రమ్ హెవెన్ లేక్' 1983లో వచ్చింది. రెండు గ్రంథాలూ థామస్ కుక్ యాత్రాసాహిత్య పురస్కారం పొందినవే. ఇద్దరు రచయితలూ గోల్ముద్ పట్టణం నుంచి లాసాకు పోయే పీఠభూమి దారిలోనే ప్రయాణించారు. అందువల్ల వీరిని పోల్చడం సులభం.

థెరూ బలం ఆయన మొండితనం. ప్రభుత్వం చూపించాలనుకున్నది కాక తనకు కావలసినది చూడాలనుకుంటాడు. వెంట ఉన్న అధికారిని తప్పించుకోజూస్తాడు. సాంస్కృతిక విప్లవం గురించి కనిపించినవారినల్లా అడుగుతాడు. మర్యాద కోసం నచ్చినట్టు నటించడు. పర్యాటకశాఖ కరపత్రంలా సాగే పుస్తకాల కంటే ఈ నిజాయితీ మెరుగైనదే. అయితే ఆయన వాక్యాలు తరచు 'చైనీయులు' అనే కర్తతో నడుస్తాయి. వాళ్ళు ఉమ్మడం, అరవడం, నవ్వడం అన్నీ జాతి లక్షణాల జాబితాలోకి చేరుతాయి. చైనీయుల నవ్వుల్లో ఇబ్బందిని, భయాన్ని, తప్పించుకోజూడటాన్ని దాచే రకాలు ఎన్నో ఉన్నాయని ఆయన గమనించాడు. అది మంచి పరిశీలన. ఎదుటివారికి గాని తనకు గాని తలవంపు కాకుండా చూసుకోవడం అక్కడి మర్యాదలో ప్రధానం. దీన్ని వారు 'మియెంజ' అంటారు, అంటే ముఖం. మనం 'నలుగురిలో మొహం చెల్లకుండా పోయింది' అంటాం చూడండి, దానికి దగ్గరి భావన ఇది. నవ్వుల వెనుక ఉన్న ఈ కారణాన్ని నిలిచి పరిశీలించడం కంటే వాటితో హాస్యం పండించడం మీదే థెరూకు ఆసక్తి ఎక్కువ.

లాసా దారిలో థెరూ ఎక్కిన కారు ప్రమాదానికి గురవుతుంది. డ్రైవరు నడిపే తీరు చూసి ఆయన భయపడటం న్యాయమే. చివరికి తానే స్టీరింగ్ పట్టుకుంటాడు. ఆ ఘట్టం చదవడానికి ఉత్సాహంగా ఉంటుంది. కాని ఆ డ్రైవరు మనకు ఒక మనిషిగా మిగలడు. రచయిత సహనాన్ని పరీక్షించిన మరొక చైనీయుడిగా మాత్రమే గుర్తుంటాడు.

సేథ్ పరిస్థితి వేరు. 1980 నుంచి 1982 వరకు ఆయన నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. చైనా భాష వచ్చు. 1981 వేసవిలో విదేశీ విద్యార్థుల బృందంతో షిన్‌జియాంగ్ వెళ్ళి, అక్కడి నుంచి టిబెట్, నేపాల్ మీదుగా ఢిల్లీ చేరాలనుకుంటాడు. ఆ రోజుల్లో విదేశీయుడు ఏ ఊరు వెళ్ళాలన్నా ప్రయాణ అనుమతిపత్రంలో ఆ ఊరి పేరు ఉండాలి. లాసా పేరు రాయించుకోవడం దాదాపు అసాధ్యం. తుర్ఫాన్‌లో ఒక సాయంత్రం అందరూ కోరితే ఆయన 'ఆవారా' సినిమాలోని పాట పాడతాడు. రాజ్ కపూర్ చిత్రం అక్కడి జనానికి బాగా తెలుసు. ఆ తరువాతే పోలీసు అధికారి అనుమతిపత్రంలో లాసా పేరు చేరుస్తాడు. నిబంధన ఒకటి, దాన్ని అమలుచేసే మనిషి ఒకడు అన్న తేడా ఈ సంఘటనతో సేథ్‌కు తెలిసివస్తుంది. పుస్తకమంతటా ఆ తేడాను ఆయన నిలుపుకుంటాడు. అధికార యంత్రాంగం మీద విసుక్కుంటాడు గాని ఆ విసుగును ప్రజల మీదికి మళ్ళించడు.

లాసా దారిలో సేథ్ లారీ ఎక్కుతాడు. దాన్ని నడిపే స్యూయ్ అనే డ్రైవరుతో రోజుల తరబడి ఆ ఇరుకు క్యాబిన్‌లోనే ప్రయాణం. వర్షాలకు దెబ్బతిన్న దారులు, ఆలస్యాలు, ఎత్తైన ప్రదేశంలో చలి, తలనొప్పి అన్నీ ఉన్నాయి. ఇబ్బంది థెరూకు తక్కువా కాదు, సేథ్‌కు ఎక్కువా కాదు. అయితే సేథ్ వాక్యానికి కర్త 'చైనీయులు' కాదు, స్యూయ్. తిండికి, నిద్రకు, దారికి అతని మీద ఆధారపడినకొద్దీ ఆ మనిషి మనకు తెలిసిపోతాడు. పుస్తకం మూసేసరికి ఒక జాతి గురించి తీర్పు కాక ఒక లారీ డ్రైవరు జ్ఞాపకం ఉంటాడు. సాంస్కృతిక విప్లవకాలంలో టిబెట్ ఆలయాలకు జరిగిన విధ్వంసాన్ని సేథ్ దాచలేదని కూడా గమనించండి. మనుషులను అభిమానించడమంటే రాజ్యం చేసిన పనిని సమర్థించడం కాదు.

ఈ గ్రంథానికీ పరిమితి ఉంది. ఆ రోజుల్లో సామాన్య చైనీయుడు తన దేశంలోనే స్వేచ్ఛగా తిరగలేడు. పనిచేసే సంస్థ నుంచి అనుమతి, పరిచయపత్రం కావాలి. విదేశీ అతిథికి దొరికే మర్యాద, సడలింపు అతనికి దొరకవు. సేథ్ యాత్ర కొంతవరకు ఆ ప్రత్యేక హోదా మీదే నడిచింది. తనకు తెరుచుకున్న దారి ఆ దేశస్థులకు మూసి ఉందన్న సంగతి మీద ఆయన ఇంకొంచెం నిలిచి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

9.5 'తప్పు' అనిపించుకోవడం: పీటర్ హెస్లర్

పీటర్ హెస్లర్ అమెరికా పీస్ కోర్ తరఫున 1996 నుంచి 1998 వరకు యాంగ్‌ట్సీ నదీతీరంలోని ఫూలింగ్‌లో ఇంగ్లీషు సాహిత్యం బోధించాడు. ఆ అనుభవమే 'రివర్ టౌన్' (2001). దశాబ్దాలుగా అమెరికన్లు నివసించని ఊరు అది. వీధిలోకి వెళితే జనం గుమిగూడి చూడటం, 'హలో' అని వెనుకనుంచి కేకలు వేయడం ఆయనకు నిత్యానుభవం.

ఈ గ్రంథంలో విమర్శకుడు తప్పక చూడవలసిన అంశాలు రెండు. మొదటిది ఆయనకు చైనా భాష నేర్పిన ఉపాధ్యాయురాలు లియావ్ ప్రసక్తి. హెస్లర్ ఏ చిన్న పొరపాటు చేసినా ఆమె 'బుదుయ్' అంటుంది. 'తప్పు' అని అర్థం. మెచ్చుకోలు మాటలతో చదువుకున్న అమెరికన్‌కు ఇది చెంపపెట్టులా తగులుతుంది. మొదట కోపం, తరువాత పట్టుదల. క్రమంగా ఆ 'తప్పు'లో చులకన లేదని, సరిగ్గా చెప్పడమే మామూలుగా ఆశించవలసినదన్న నమ్మకం ఉందని ఆయన గ్రహిస్తాడు. ఆఘాతం అవగాహనగా మారే క్రమం ఇంత స్పష్టంగా కనబడే ఘట్టాలు అరుదు.

రెండోది పేరు. హెస్లర్‌కు అక్కడ హో వెయ్ అనే చైనా పేరుంది. హో వెయ్ పీటర్ హెస్లర్ కంటే వేరే మనిషి అని ఆయన రాస్తాడు. హో వెయ్‌కు మాటలు తక్కువ, తెలివి తక్కువ, కాని స్నేహశీలి. తప్పులు మాట్లాడి నవ్వులపాలవుతాడు, అందుకే జనం అతనితో చనువుగా ఉంటారు. కొత్త భాషలో మనిషి మళ్ళీ చిన్నపిల్లవాడవుతాడు. దాన్ని ఒప్పుకోగలిగినవాడికి ఆఘాతం తగ్గుతుంది.

అయినా ఈ గ్రంథం ఓబెర్గ్ పటాన్ని తు.చ. తప్పకుండా అనుసరించదు. రెండేళ్ళు గడిచి, భాష వచ్చి, స్నేహితులు ఏర్పడ్డాక, చివరి రోజుల్లో వీధిలో వీడియో తీస్తున్న హెస్లర్‌ను, ఆయన సహోద్యోగిని జనం చుట్టుముట్టి గొడవకు దిగుతారు. కోలుకోవడం, సర్దుకోవడం మెట్లెక్కినట్టు వరుసగా జరగవని ఈ ఘట్టం చెబుతుంది. సిద్ధాంతం కంటే సాహిత్యం ఎక్కువ చెప్పగలిగే చోటు ఇదే.

ఒక అభ్యంతరం కూడా ఉంది. హెస్లర్ తన విద్యార్థుల రచనలను పుస్తకంలో విస్తారంగా వాడుకున్నాడు. తరగతి కోసం రాసిన మాటలు ప్రపంచ పాఠకుల ముందుకు వెళ్ళాయి. వాటివల్ల చైనా గ్రామీణ యువత గొంతు మనకు వినిపించింది. అయితే ఉపాధ్యాయుడికి, విద్యార్థికి మధ్య ఉన్న అధికారభేదాన్ని పాఠకుడు మరవకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
లాసా దారిలోని ఇద్దరు డ్రైవర్ల చిత్రణను పోల్చండి. ప్రతి సందర్భంలోనూ వాక్యానికి కర్త ఎవరో గుర్తించండి.

9.6 మనవైపు తిరిగే ప్రశ్న: పల్లవి అయ్యర్

మూడో ప్రశ్నకు, అంటే తన దేశాన్నీ అదే కొలబద్దతో కొలవడం అన్నదానికి, మంచి ఉదాహరణ పల్లవి అయ్యర్ 'స్మోక్ అండ్ మిర్రర్స్' (2008). బీజింగ్‌లో ఉంటూ మొదట బోధించి, తరువాత పత్రికా విలేకరిగా పనిచేసిన రచయిత్రి ఆమె. పాత బీజింగ్ ఇరుకు సందులను హూతోంగ్‌లంటారు. ఆ సందుల ఇళ్ళలో చాలావాటికి మరుగుదొడ్లు ఉండవు, వీధిలోని ఉమ్మడి మరుగుదొడ్డే దిక్కు. విదేశీ యాత్రాకథనాల్లో చైనా మరుగుదొడ్డి అనేది ఎప్పుడూ హాస్యానికో, జుగుప్సకో పనికివచ్చే వస్తువు. అయ్యర్ అక్కడ ఆగదు. ఆ మరుగుదొడ్డి శుభ్రం చేసే మనిషిని చూస్తుంది. ఆ పని చేస్తున్నందుకు చుట్టుపక్కలవారు ఆ మనిషిని అంటరానివారిగా దూరం పెట్టకపోవడం గమనిస్తుంది. భారతదేశంలో ఈ పని పుట్టుకతో, కులంతో ముడిపడి ఉందన్న సంగతి అప్పుడు ఆమెకు కొత్తగా బాధిస్తుంది.

నిజమైన ఆఘాతం ఇది. వాసనకు కలిగిన చిరాకు కొన్నాళ్ళకు పోతుంది, ఈ ప్రశ్న పోదు. అలాగని ఆమె చైనాను ఆదర్శంగా నిలపదు. వాక్‌స్వాతంత్ర్యం, ప్రశ్నించే హక్కు విషయంలో భారతదేశం వైపే మొగ్గుతుంది. పేదవాడిగా పుడితే ఎక్కడ మేలు, కొంత ఉన్నవాడిగా పుడితే ఎక్కడ మేలు అని విడివిడిగా ఆలోచిస్తుంది. ఒకే వాక్యంలో రెండు దేశాలకు తీర్పు చెప్పకపోవడమే ఈ గ్రంథం బలం.

9.7 హ్యూయన్‌త్సాంగ్ చూసిన ఆంధ్రదేశం

ఇంతవరకు మనం చైనాను చూసినవారి గురించి చెప్పుకున్నాం. మనల్ని చూసిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి, ధాన్యకటకానికి వచ్చాడు. భారతీయులు చేతితో తింటారని, చెంచాలు, పుల్లలు వాడరని, మిగిలిన ఎంగిలి మళ్ళీ ముట్టరని, పళ్ళు తోముకోవడానికి పుల్లలు నములుతారని శ్రద్ధగా రాసుకున్నాడు. మనకు అతి సహజమైనవి ఆయనకు రాసుకోదగిన వింతలయ్యాయి. ఆంధ్రదేశం గురించి రాస్తూ నేల సారవంతమని, వాతావరణం వేడి అని, ప్రజలు దుందుడుకు స్వభావులని అన్నాడు.

ఈ చివరి మాట చదివినప్పుడు మీకేమనిపించింది? 'ఏ నలుగురిని చూసి అలా అన్నాడు?' అనిపించి ఉంటుంది. థెరూ పుస్తకం చదివిన చైనా పాఠకుడికీ అదే అనిపిస్తుంది. అయితే అదే హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకంలో నెలల తరబడి ఉండి, అక్కడి భిక్షువుల వద్ద బౌద్ధశాస్త్రం చదువుకున్నాడు. దాటిపోయిన చోట ఒక ముక్కలో తీర్పు చెప్పిన యాత్రికుడే ఆగిన చోట విద్యార్థి అయ్యాడు.

9.8 యాత్రికుడికి ఉపయోగపడే అంశాలు

పై గ్రంథాలు యాత్రికుడికి ఇచ్చే సలహాలు కొన్ని ఉన్నాయి. ముందు నాలుగు మాటలైనా నేర్చుకోవాలి. 'చి ల మా', అంటే 'తిన్నారా?' అన్న పలకరింపు మనకు కొత్త కాదు. జీతమెంత, పెళ్ళయిందా అని రైల్లో అడిగితే నొచ్చుకోనవసరం లేదు, మన రైళ్ళలోనూ అడుగుతారు. శాకాహారులు 'మాంసం వద్దు' అంటే సరిపోదు. అక్కడ వట్టి 'మాంసం' అంటే పందిమాంసమనే అర్థం. 'వొ చి సు', అంటే శాకాహారినని చెప్పి, వంటలో ఏమేమి వేస్తారో విడివిడిగా అడగాలి. అన్నం గిన్నెలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారికి వెలిగించే అగరుబత్తులను అది గుర్తుచేస్తుంది. తాగడానికి వేడినీళ్ళు ఇస్తే వింతపడనక్కరలేదు. కాచిన నీళ్ళు అక్కడి అలవాటు, రైళ్ళలోనూ దొరుకుతాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది విసుగు వచ్చిన రోజును గుర్తించడం. ఆ రోజు కొత్త చోట్లకు పోకుండా విశ్రాంతి తీసుకోవడం, ఇంటికి మాట్లాడటం తప్పు కాదు. కాని ఆ రోజు ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని దేశం మీద తీర్పుగా భావించకూడదు. డైరీలో 'వీళ్ళు' అని మొదలైన వాక్యాన్ని మర్నాడు 'ఈ మనిషి' అని మార్చి చదివి చూడండి. నిలబడితే ఉంచండి, నిలబడకపోతే కొట్టివేయండి.

9.9 సారాంశం

పరాయి సమాజంలో మనం ఆధారపడే గుర్తులు పనిచేయనప్పుడు కలిగే ఆందోళన సాంస్కృతిక ఆఘాతం. చైనా యాత్రాకథనాల్లో ఇది రెండు విధాలుగా పరిణమించింది. థెరూ రచనలో తరచు జాతి స్వభావంపై తీర్పుగా మారింది. సేథ్, హెస్లర్, అయ్యర్ రచనల్లో మనిషిని, కారణాన్ని, తమను తాము తెలుసుకొనే ప్రయత్నమైంది. ఆ రచనలకూ పరిమితులున్నాయి. వ్యవస్థవల్ల కలిగిన ఇబ్బందిని సంస్కృతికి అంటగట్టిన వ్యాఖ్యలు కాలం మారగానే వీగిపోయాయి. ఆఘాతం కలగడం రచనకు లోపం కాదు. దాని కారణాన్ని అడగకుండా ముగించడమే లోపం.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'రైడింగ్ ది ఐరన్ రూస్టర్', 'ఫ్రమ్ హెవెన్ లేక్' గ్రంథాల దృక్పథాలను తులనాత్మకంగా పరిశీలించండి.
2. సాంస్కృతిక ఆఘాతం ఆత్మపరిశీలనకు దారితీసిన తీరును పల్లవి అయ్యర్ రచన ఆధారంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'మెయ్ యో' ఉదాహరణ ద్వారా సంస్కృతికి, వ్యవస్థకు గల భేదాన్ని తెలపండి.
2. హెస్లర్ అనుభవం ఓబెర్గ్ సిద్ధాంతంతో ఎక్కడ విభేదిస్తుంది?
3. మీ ఊరికి కొత్తగా వచ్చిన వ్యక్తికి వింతగా తోచే మూడు అలవాట్లను పేర్కొని, వాటి కారణాలను వివరించండి.